పర్సిస్టెంట్ రిక్వెస్టులను తయారుచేసి మొదలుపెట్టడం ఎలా: ఎంపీఐ నేర్చుకునేవారికి

"ఎంపీఐ_సెండ్_ఇనిట్ రాశాను, ఎంపీఐ_వెయిట్ రాశాను. ఏ ఎర్రరూ రాలేదు. కానీ పక్క ప్రాసెస్‌కు విలువ చేరలేదు. ఎందుకు?"

"మొదటి అడుగులో లెక్క సరిపోతోంది, రెండో అడుగు నుంచి తప్పుతోంది. ఎక్కడ వెతకాలి?"

నెల్లూరు, కావలి, ఒంగోలులో ప్రాజెక్టులు చేసే విద్యార్థులు ఏటా నన్ను అడిగే ప్రశ్నలు ఈ రెండే. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెబుతూ వచ్చాను. ఈసారి మొదటి నుంచి చివరి దాకా ఒకేచోట రాస్తున్నాను. ఎంపీఐ అంటే ఒకేసారి నడిచే ప్రాసెస్‌లు ఒకదానికొకటి సందేశాలు పంపుకోవడానికి ఉన్న ప్రమాణం. సీ భాషలో ఎంపీఐ_ఐసెండ్, ఎంపీఐ_ఐరిసీవ్, ఎంపీఐ_వెయిటాల్ వాడి కనీసం ఒక ప్రోగ్రామైనా నడిపి ఉంటే ఇక్కడున్నదంతా మీకు అర్థమవుతుంది. ఒక మాట: నేను రిసీవ్ అని రాసిన ప్రతిచోటా ప్రోగ్రాములో ఆర్, ఈ, సీ, వీ అనే నాలుగు అక్షరాలే టైపు చేయాలి.

అసలు ఇది ఏమిటి

మన ఇళ్లలో పాలు వాడుకగా పోయించుకుంటాం. ఏ ఇల్లు, ఎన్ని లీటర్లు, ఏ గిన్నెలో పోయాలి అన్నది మొదటి రోజే మాట్లాడుకుంటాం. ఆ తర్వాత రోజూ బేరం ఉండదు. గిన్నె బయట పెడితే చాలు, పాలు వస్తాయి.

పర్సిస్టెంట్ రిక్వెస్ట్ అచ్చంగా ఈ వాడుకే. ఒకే పొరుగు ప్రాసెస్‌కు, ఒకే బఫర్ నుంచి, అంతే పరిమాణంలో వేల సార్లు సందేశం పంపాల్సి వచ్చినప్పుడు ఆ వివరాలన్నీ ఒకసారి చెప్పి రిక్వెస్టు తయారుచేసుకుంటాం. ఆ తర్వాత ప్రతి అడుగులోనూ "మొదలుపెట్టు" అంటే చాలు. ఎంపీఐ ప్రమాణంలో 1994 నాటి మొదటి రూపం నుంచీ ఈ సౌకర్యం ఉంది.

ఈ పోలికలో ఒక విషయం బాగా పట్టుకోండి. పాలు పోసే మనిషికి తెలిసింది ఇంటి చిరునామా. ఆ ఇంట్లో ఎవరున్నారో ఆయనకు పట్టదు. మీరు చెప్పకుండా ఇల్లు మారితే పాలు పాత ఇంటి గుమ్మంలోనే పడతాయి. రిక్వెస్టు కూడా అంతే. దానికి మీ పాయింటర్ పేరు తెలియదు, తయారైన రోజున ఆ పాయింటర్ చూపిన చిరునామా మాత్రమే తెలుసు. నా దగ్గరకు వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయం దగ్గర పుట్టినవే.

ఎప్పుడు వాడకూడదో కూడా చెబుతాను. ప్రతిసారీ గమ్యం మారుతుంటే, సందేశం పరిమాణం మారుతుంటే, లేక మొత్తం మీద పది ఇరవై సందేశాలే ఉంటే వద్దు. మామూలు ఐసెండే హాయి.

కావలసినవి

- ఓపెన్ ఎంపీఐ గానీ ఎంపీఐసీహెచ్ గానీ ఉన్న లినక్స్ కంప్యూటర్. రెండూ ఉచితమే. ఒకే ల్యాప్‌టాప్ మీద నాలుగు ప్రాసెస్‌లు నడిపి నేర్చుకోవచ్చు, క్లస్టర్ అక్కర్లేదు.
- కంపైల్ చేయడానికి ఎంపీఐసీసీ, నడపడానికి ఎంపీఐరన్. కోర్లు తక్కువున్న కంప్యూటర్‌లో ఓపెన్ ఎంపీఐ "స్లాట్లు చాలవు" అని ఆగిపోతే, ఓవర్‌సబ్‌స్క్రైబ్ అనే ఆప్షన్ ఇచ్చి నడపండి. నేర్చుకోవడానికి అది చాలు, వేగం కొలవడానికి మాత్రం పనికిరాదు.
- మామూలు ఐసెండ్, ఐరిసీవ్‌తో రాసి, సరైన జవాబు ఇస్తున్న మీ ప్రోగ్రాము. ఇది లేకుండా మొదలుపెట్టవద్దు.
- ఒక కాగితం, పెన్సిలు. బఫర్ల బొమ్మ గీసుకోవడానికి.

మనం తీసుకునే ఉదాహరణ

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను గురించి ఇళ్లలో పెద్దలు చెప్పగా విన్న పిల్లలు కావడం వల్ల, నా విద్యార్థులకు తీరం వెంట నీటిమట్టం లెక్క అంటే ఆసక్తి. అందుకే ఆ ఉదాహరణే తీసుకుంటాను. ఇది నిజమైన ఉప్పెన లెక్క కాదు. ప్రతి గడిలోని విలువా తన ఇరుగుపొరుగు గడుల సగటు వైపు జరిగే అతి సులువైన లెక్క. మనకు కావలసింది సందేశాల పద్ధతి మాత్రమే.

తీరాన్ని నాలుగు ముక్కలు చేద్దాం. రైలు దారిలో ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చే వరుసలోనే ర్యాంకులు, అంటే ప్రాసెస్‌ల సంఖ్యలు: 0 ఒంగోలు, 1 సింగరాయకొండ, 2 కావలి, 3 నెల్లూరు. ప్రతి ప్రాసెస్ దగ్గరా 1 నుంచి 1000 వరకు సొంత గడులు ఉంటాయి. వీటికి రెండు చివరలా ఇంకో రెండు గడులు, 0, 1001, ఉంటాయి. ఉత్తరపు పొరుగువారి చివరి విలువను 0లో, దక్షిణపు పొరుగువారి మొదటి విలువను 1001లో ఉంచుకుంటాం. వీటిని పొరుగు గడులు అందాం.

ప్రతి అడుగులోనూ పాత అర్రేను చదివి కొత్త అర్రేలో రాస్తాం. కాబట్టి అర్రేలు రెండు కావాలి, వాటిని "అ", "ఆ" అందాం. అడుగు 0లో "అ" చదివి "ఆ"లో రాస్తాం. అడుగు 1లో "ఆ" చదివి "అ"లో రాస్తాం. ఇలా మారుతూ పోతుంది.

చేసే పద్ధతి

1. ముందు మామూలు ప్రోగ్రాము జవాబును దాచుకోండి. వంద అడుగులు, నూట ఒక్క అడుగులు రెండూ నడిపి, ఫలితాలను రెండు ఫైళ్లలో భద్రపరచండి. సరి సంఖ్యతో ఒకసారి, బేసి సంఖ్యతో ఒకసారి ఎందుకో కొద్దిసేపట్లో తెలుస్తుంది.

2. చిరునామాలను స్థిరపరచండి. రెండు అర్రేలకూ జాగా ఒకేసారి, లూపుకు బయట, రిక్వెస్టులు తయారుచేయడానికి ముందే తీసుకోండి. ఆ తర్వాత ప్రోగ్రాము అయ్యేదాకా రియాలక్ చేయవద్దు, ఫ్రీ చేయవద్దు. సీ ప్లస్ ప్లస్ వెక్టర్ వాడుతుంటే రిక్వెస్టు పుట్టాక దాని పరిమాణం పెంచవద్దు. పెంచితే వెక్టర్ ఇంకో చోటికి మారిపోవచ్చు.

3. పొరుగువారి ర్యాంకులను నిర్ణయించండి. ఉత్తరం అంటే మన ర్యాంకులో ఒకటి తక్కువ, దక్షిణం అంటే ఒకటి ఎక్కువ. ఒంగోలుకు ఉత్తరాన, నెల్లూరుకు దక్షిణాన మన లెక్కలో ఎవరూ లేరు. అక్కడ ఎంపీఐ_ప్రాక్_నల్ పెట్టండి. దానితో రిక్వెస్టు తయారవుతుంది, మొదలవుతుంది, వెంటనే పూర్తవుతుంది. చివరి ప్రాసెస్‌ల కోసం విడిగా షరతులు రాయనక్కర్లేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త. ప్రాక్_నల్ నుంచి అందుకునే రిసీవ్ మీ బఫర్‌ను తాకదు. ఒంగోలు ప్రాసెస్‌లో గడి 0లో మీరు పెట్టిన సరిహద్దు విలువ అలాగే ఉంటుంది. అది మంచిదే, కానీ ఆ విలువను "అ", "ఆ" రెండింటిలోనూ మీరే పెట్టాలి. ఒకదానిలోనే పెట్టి మరిచిపోయిన ప్రోగ్రాములు ఎన్నో చూశాను.

4. రిక్వెస్టులు తయారుచేయండి. "అ"కు నాలుగు, "ఆ"కు నాలుగు. మొత్తం ఎనిమిది. "అ" జట్టు ఇలా ఉంటుంది:

- రిక్వెస్టు 0: రిసీవ్_ఇనిట్. "అ"లో గడి 0 చిరునామా, పరిమాణం 1, రకం డబుల్, ఉత్తరం నుంచి, ట్యాగ్ 11.
- రిక్వెస్టు 1: రిసీవ్_ఇనిట్. "అ"లో గడి 1001 చిరునామా, పరిమాణం 1, రకం డబుల్, దక్షిణం నుంచి, ట్యాగ్ 22.
- రిక్వెస్టు 2: సెండ్_ఇనిట్. "అ"లో గడి 1 చిరునామా, పరిమాణం 1, రకం డబుల్, ఉత్తరానికి, ట్యాగ్ 22.
- రిక్వెస్టు 3: సెండ్_ఇనిట్. "అ"లో గడి 1000 చిరునామా, పరిమాణం 1, రకం డబుల్, దక్షిణానికి, ట్యాగ్ 11.

దక్షిణ దిశగా పోయే సందేశాలన్నిటికీ ట్యాగ్ 11, ఉత్తర దిశగా పోయేవాటికి 22. "ఆ" జట్టులో అర్రే పేరు తప్ప అంతా ఇదే.

ఈ పని అయ్యేసరికి ఒక్క బైటు కూడా ఎక్కడికీ కదలలేదు. ఎనిమిది రిక్వెస్టులూ నిద్రలోనే ఉన్నాయి. ఇనిట్ అన్న పేరు చూసి పంపడం మొదలైందనుకోవద్దు.

5. లూపు లోపల, ఆ అడుగుకు తగిన జట్టును మొదలుపెట్టండి. అడుగు సంఖ్య సరి అయితే "అ" జట్టు, బేసి అయితే "ఆ" జట్టు. ఎంపీఐ_స్టార్టాల్‌కు 4 అనే సంఖ్య, ఆ జట్టు రిక్వెస్టుల అర్రే ఇవ్వండి. ఒక్కదానినే మొదలుపెట్టాలంటే ఎంపీఐ_స్టార్ట్‌కు ఆ ఒక్క రిక్వెస్టు చిరునామా ఇవ్వండి.

స్టార్టాల్ ఏ వరుసలో మొదలుపెడుతుందన్న హామీ లేదు. ఒకే పొరుగువారికి ఒకే ట్యాగ్‌తో రెండు సందేశాలు పంపుతూ వరుస మీద ఆధారపడితే దెబ్బతింటారు. ట్యాగులు వేరువేరుగా పెట్టుకోండి, లేదా వరుసగా రెండు స్టార్టులు రాయండి.

6. సందేశాలు దారిలో ఉండగా లోపలి గడుల పని చేయండి. 2 నుంచి 999 వరకు గడుల కొత్త విలువలకు పొరుగువారి సమాచారం అక్కర్లేదు. వాటిని ఇప్పుడే లెక్కకట్టి ఇంకో అర్రేలో రాయండి. ఈ లెక్కలో పంపుతున్న గడులు 1, 1000లను చదువుతాం. అందులో తప్పు లేదు, 2009లో వచ్చిన ఎంపీఐ 2.2 నుంచి పంపుతున్న బఫర్‌ను చదవడానికి అనుమతి ఉంది. రాయడానికి మాత్రం లేదు. అందుకుంటున్న బఫర్‌ను, అంటే గడులు 0, 1001లను, చదవనూ కూడదు, రాయనూ కూడదు.

7. పూర్తయ్యేదాకా ఆగండి. ఎంపీఐ_వెయిటాల్‌కు అదే జట్టు, అదే 4. ఇది తిరిగి వచ్చాక రిక్వెస్టులు మళ్లీ నిద్రలోకి పోతాయి, కానీ చనిపోవు. ఐసెండ్ రిక్వెస్టుకూ దీనికీ ఉన్న తేడా ఇదే.

8. అంచు గడులను లెక్కకట్టండి. 1, 1000 గడుల కొత్త విలువలు ఇప్పుడు రాయండి. అడుగు సంఖ్య ఒకటి పెంచి 5కు వెళ్లండి.

9. లూపు అయిపోయాక ఎనిమిది రిక్వెస్టులనూ విడుదల చేయండి. ఒక్కొక్కదానికీ ఎంపీఐ_రిక్వెస్ట్_ఫ్రీ పిలవాలి. ముందు వెయిట్, తర్వాత రిక్వెస్ట్_ఫ్రీ, ఆ తర్వాత అర్రేల ఫ్రీ, చివరికి ఎంపీఐ_ఫైనలైజ్. వరుస తప్పించవద్దు. రెండు కొలతల లెక్కలో నిలువు వరుసను పంపడానికి వెక్టర్ డేటాటైప్ చేసుకుని ఉంటే, దాన్ని రిక్వెస్టుల తర్వాతే విడుదల చేసుకోండి.

ఇదంతా ఒక్కసారిగా మార్చవద్దు

పర్సిస్టెంట్ సెండ్‌కు అవతల పర్సిస్టెంట్ రిసీవే ఉండాలన్న నియమం లేదు. ఇటు పర్సిస్టెంట్ రిసీవ్, అటు మామూలు ఐసెండ్ ఉన్నా చక్కగా జత కుదురుతుంది. ఈ సౌలభ్యాన్ని వాడుకోండి. మొదట రిసీవ్‌లు మాత్రమే మార్చి నడపండి, దాచుకున్న జవాబుతో పోల్చండి. సరిపోతే అప్పుడు సెండ్‌లు మార్చండి. తప్పు వస్తే ఏ సగంలో ఉందో మీకు ముందే తెలిసిపోతుంది.

రెండు జట్లు వద్దనుకుంటే

రెండు అర్రేల తలనొప్పి లేకుండా ఇంకో దారి ఉంది. నాలుగు చిన్న బఫర్లు విడిగా పెట్టుకోండి: ఉత్తరానికి పంపేది, దక్షిణానికి పంపేది, ఉత్తరం నుంచి వచ్చేది, దక్షిణం నుంచి వచ్చేది. రిక్వెస్టులను ఈ నాలుగింటికే కట్టండి. ప్రతి అడుగులోనూ స్టార్టాల్‌కు ముందు అంచు విలువలను పంపే బఫర్లలోకి నకలు చేయండి, వెయిటాల్ తర్వాత వచ్చిన విలువలను పొరుగు గడుల్లోకి నకలు చేయండి. అర్రేల పాయింటర్లను ఎన్నిసార్లు తారుమారు చేసుకున్నా ఇబ్బంది లేదు. మన ఉదాహరణలో నకలు చేసేది ఒక్కో సంఖ్యే కాబట్టి ఖర్చు లేదు. కొత్తగా నేర్చుకునేవారికి నేను ఈ దారినే ముందు చూపిస్తాను. ఒక్క జాగ్రత్త: ప్రాక్_నల్ ఉన్న వైపు నుంచి వచ్చే బఫర్‌ను ఎవరూ నింపరు. సరిహద్దు విలువను ముందే అందులో పెట్టండి, లేకపోతే చెత్త విలువ గడిలోకి నకలవుతుంది.

సెండ్‌లో రకాలు

సెండ్_ఇనిట్‌తో పాటు ఎస్‌సెండ్_ఇనిట్, బీసెండ్_ఇనిట్, ఆర్‌సెండ్_ఇనిట్ కూడా ఉన్నాయి. తప్పులు వెతికేటప్పుడు సెండ్_ఇనిట్ బదులు ఎస్‌సెండ్_ఇనిట్ పెట్టి ఒకసారి నడపండి. అవతల రిసీవ్ మొదలుకాకుండా ఇది పూర్తికాదు. అందువల్ల రిసీవ్‌లు మొదలుపెట్టకముందే సెండ్ కోసం ఆగే ప్రోగ్రాము వెంటనే బిగుసుకుపోయి దొరికిపోతుంది. ఆర్‌సెండ్_ఇనిట్ జోలికి పోవద్దు. మీరు స్టార్ట్ పిలిచే సమయానికి అవతల రిసీవ్ అప్పటికే మొదలై ఉండాలని దాని షరతు, ఆ హామీ ఇవ్వడం మనలాంటి ప్రోగ్రాముల్లో చాలా కష్టం.

తరచూ జరిగే తప్పులు

స్టార్ట్ మరిచిపోవడం. మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. ఇనిట్ ఉంది, వెయిట్ ఉంది, మధ్యలో స్టార్ట్ లేదు. నిద్రలో ఉన్న రిక్వెస్టు మీద వెయిట్ పిలిస్తే ఎంపీఐ ఎర్రర్ ఇవ్వదు. ఆగనూ ఆగదు. పని లేదు కాబట్టి వెంటనే తిరిగి వస్తుంది. ప్రోగ్రాము చకచకా పరుగెత్తుతుంది, జవాబు మాత్రం తప్పు. నిర్ధారించుకోవాలంటే స్టేటస్‌ను పట్టించుకోకుండా వదిలేయకుండా దాన్ని అచ్చువేసి చూడండి. నిద్రలో ఉన్న రిక్వెస్టు అయితే పంపినవారి స్థానంలో ఎంపీఐ_ఎనీ_సోర్స్, ట్యాగ్ స్థానంలో ఎంపీఐ_ఎనీ_ట్యాగ్ కనిపిస్తాయి, గెట్_కౌంట్ సున్నా చెబుతుంది. నిజంగా సందేశం అందుకున్న రిసీవ్‌లో ఎనీ_సోర్స్ ఎప్పటికీ కనబడదు.

పాయింటర్లను తారుమారు చేయడం. రెండో ప్రశ్నకు జవాబు ఇది. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలుస్తాను, ఎందుకంటే నేనూ ఒకప్పుడు మూడు రోజులు ఇక్కడే చిక్కుకున్నాను.

రెండు అర్రేలకు "పాత", "కొత్త" అని రెండు పాయింటర్లు పెట్టుకుని, ప్రతి అడుగు చివరా వాటిని తారుమారు చేయడం అందరికీ అలవాటు. మామూలు ఐసెండ్‌తో ఇది చక్కగా నడుస్తుంది, ఎందుకంటే ప్రతి అడుగులోనూ ఐసెండ్‌కు ఆనాటి చిరునామా ఇస్తున్నాం. పర్సిస్టెంట్‌కు మార్చేటప్పుడు "పాత"తో ఒకే జట్టు నాలుగు రిక్వెస్టులు తయారుచేస్తారు. అప్పుడు "పాత" చూపింది "అ"ను. అంతే, ఆ నాలుగూ జీవితాంతం "అ"వే. అడుగు 0లో అంతా బాగుంటుంది. అడుగు 1లో "పాత" ఇప్పుడు "ఆ"ను చూపుతోంది, కానీ రిక్వెస్టులు "అ" అంచులనే పంపి, వచ్చినవాటిని "అ" పొరుగు గడుల్లోనే పోస్తున్నాయి. "ఆ" పొరుగు గడులు ఆదిలో ఉన్న సున్నాల దగ్గరే ఉండిపోతాయి. అడుగు 2లో మళ్లీ చిరునామా కలుస్తుంది, కానీ అప్పటికే అడుగు 1 తప్పు విలువలు లోపలికి చేరాయి. కొత్త ఇంటి గుమ్మంలో ఖాళీ గిన్నె, పాత ఇంటి గుమ్మంలో రోజూ పాలు.

గుర్తుపట్టే ఉపాయం: తప్పు అంచుల దగ్గర మొదలై, అడుగుకు ఒక గడి చొప్పున లోపలికి పాకుతుంది, సింగరాయకొండ ముక్కకూ కావలి ముక్కకూ మధ్య గీత గీసినట్టు తేడా కనిపిస్తుంది. ఒకే ప్రాసెస్‌తో నడిపితే మాయమవుతుంది. మందు: పైన చెప్పిన రెండు జట్లు, లేదా చిన్న బఫర్ల దారి. ప్రతి అడుగులోనూ రిక్వెస్టును ఫ్రీ చేసి మళ్లీ ఇనిట్ చేయడం మందు కాదు. అలాగైతే వాడుక పెట్టుకోవడమే అనవసరం.

ఇతర వివరాలనూ మార్చగలమనుకోవడం. చిరునామాయే కాదు, పరిమాణం, గమ్యం, ట్యాగ్ అన్నీ ఇనిట్ నాటివే. తర్వాత మీ ప్రోగ్రాములో ఆ వేరియబుల్ విలువ మార్చినా రిక్వెస్టుకు తెలియదు.

ఫంక్షన్ లోపలి బఫర్‌కు కట్టడం. "రిక్వెస్టులు తయారుచేసే పని ఒక ఫంక్షన్‌లో పెడదాం" అనుకుని, ఆ ఫంక్షన్‌లోనే చిన్న అర్రే ప్రకటించి దానికి ఇనిట్ కడతారు. ఫంక్షన్ ముగియగానే ఆ అర్రే ఉండదు, రిక్వెస్టు మాత్రం ఆ జాగాలోకే రాస్తుంది. ఇది ఒక్కోసారి పనిచేసినట్టే కనిపించి, ఎక్కడో సంబంధం లేని చోట కూలుతుంది.

పూర్తికాకుండానే మళ్లీ మొదలుపెట్టడం. నడుస్తున్న రిక్వెస్టు మీద రెండోసారి స్టార్ట్ పిలవడం నియమవిరుద్ధం. ఇది ఎక్కువగా ఎంపీఐ_టెస్ట్ వాడేవారికి జరుగుతుంది. టెస్ట్ "ఇంకా కాలేదు" అని చెబితే, ఆ మాట వినకుండా తరువాతి అడుగుకు పోతారు. టెస్ట్ వాడండి, కానీ అడుగు చివర వెయిట్ తప్పనిసరిగా ఉంచండి.

నల్ కోసం ఎదురుచూడటం. ఐసెండ్ రిక్వెస్టు పూర్తయ్యాక ఎంపీఐ_రిక్వెస్ట్_నల్ అవుతుంది. పర్సిస్టెంట్ రిక్వెస్టు అవదు. "అన్నీ నల్ అయ్యేదాకా తిరుగు" అని రాసిన లూపు ఎప్పటికీ ఆగదు. ఎంపీఐ_వెయిటెనీ వాడుతుంటే, మొదలైన రిక్వెస్టు ఒక్కటీ మిగలనప్పుడు సూచికలో ఎంపీఐ_అన్‌డిఫైన్డ్ వస్తుంది. దాన్ని చూసి ఆగండి, అర్రే సూచికగా వాడవద్దు.

ఫోర్‌ట్రాన్‌లో అర్రే ముక్కలు. వరుసగా లేని ముక్కను, ఉదాహరణకు ఒక అడ్డు వరుసను, నేరుగా ఇనిట్‌కు ఇస్తే కంపైలర్ దానికి తాత్కాలిక నకలు చేసి ఆ నకలు చిరునామా ఇవ్వవచ్చు. ఇనిట్ ముగిసేసరికి ఆ నకలు పోతుంది. మొదటి మూలకాన్ని ఇచ్చి వెక్టర్ డేటాటైప్ వాడండి, బఫర్‌కు అసింక్రనస్ లక్షణం చేర్చండి.

పైథాన్‌లో కొత్త అర్రే పుట్టడం. ఎంపీఐ ఫర్ పై వాడేవారికి కూడా సెండ్_ఇనిట్, రిసీవ్_ఇనిట్, స్టార్టాల్ ఉన్నాయి. అక్కడ తప్పు ఇలా వస్తుంది: లెక్కకట్టిన ఫలితాన్ని సమాన చిహ్నంతో నేరుగా పాత పేరుకు ఇస్తారు. ఆ పేరు ఇప్పుడు కొత్త నంపై అర్రేను చూపుతుంది, రిక్వెస్టు పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. ప్రోగ్రాము కూలదు, పాత విలువలే పంపుతూ ఉంటుంది. పేరు పక్కన చదరపు కుండలీకరణాల్లో కోలన్ పెట్టి, ఉన్న అర్రే లోపలికే విలువలు రాయండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

లెక్కను పక్కన పెట్టి ముందు సందేశాలను పరీక్షించండి. ప్రతి అడుగులోనూ, స్టార్టాల్‌కు ముందు, ఆ అడుగులో చదవబోయే అర్రేలో గడులు 1, 1000లలో ఈ సంఖ్య రాయండి: ర్యాంకును 1000తో గుణించి అడుగు సంఖ్య కలపండి. వెయిటాల్ తర్వాత అదే అర్రేలో పొరుగు గడులను చూడండి. అడుగు 7లో కావలి ప్రాసెస్, అంటే ర్యాంకు 2, గడి 0లో 1007, గడి 1001లో 3007 చూడాలి. 1006 వస్తే అది కిందటి అడుగు విలువ. 2007 వస్తే మీకు మీరే పంపుకుంటున్నారు. రెండు వైపులా విలువలు తారుమారైతే చిరునామాలో గానీ ట్యాగులో గానీ పొరపాటు. సున్నా వస్తే ఆ అర్రేకు రిక్వెస్టు కట్టనే లేదు. అడుగు సంఖ్య కలపకుండా ర్యాంకు మాత్రమే పంపి పరీక్షించేవారున్నారు. అలా చేస్తే పాత విలువ, కొత్త విలువ ఒకేలా ఉంటాయి కాబట్టి అసలు తప్పు దాక్కుంటుంది.

ఆ తర్వాత నిజమైన లెక్కతో నడిపి, మొదట దాచుకున్న రెండు ఫైళ్లతో పోల్చండి. మీరు మార్చింది సందేశం పంపే పద్ధతినే, కూడికల వరుసను కాదు. కాబట్టి ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేస్తే రెండు ఫలితాలూ చివరి అంకె దాకా కలవాలి. "దగ్గరగా ఉంది" అన్నది ఇక్కడ ఒప్పుకోవద్దు. ఆప్టిమైజేషన్ పెట్టాక చివరి అంకెల్లో స్వల్ప తేడా వస్తే అది లూపును ముక్కలు చేయడం వల్ల కావచ్చు.

1, 2, 3, 4 ప్రాసెస్‌లతో, సరి అడుగులతో, బేసి అడుగులతో నడపండి. సరి అడుగులు మాత్రమే చూస్తే చివరి ఫలితం ఎప్పుడూ "అ"లోనే ఉంటుంది, అది "ఆ"లో ఉన్నప్పుడు వచ్చే పొరపాటు తప్పించుకుపోవచ్చు.

వీలైతే మస్ట్ అనే తనిఖీ సాధనంతో ఒకసారి నడపండి. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయంవారు అందించే ఈ ఉచిత సాధనం ఎంపీఐ పిలుపులను గమనించి, విడుదల చేయని రిక్వెస్టులు, రకాలు కలవని సందేశాలు, బిగుసుకుపోవడాలు వంటివి చెబుతుంది. చచ్చిన బఫర్లలోకి రాయడాన్ని పట్టుకోవడానికి వాల్‌గ్రైండ్ అనే మెమరీ తనిఖీ సాధనం ఉపయోగపడుతుంది. అది చూపే హెచ్చరికల్లో కొన్ని ఎంపీఐ లైబ్రరీవే ఉంటాయి, మీ ఫైలు పేరు ఉన్నవాటినే ముందు చదవండి.

వేగం పెరిగిందా

నిజం చెప్పాలి. ఒకే ల్యాప్‌టాప్ మీద మన ఉదాహరణను నడిపితే తేడా కనిపించకపోవచ్చు. చిన్న సందేశాలు చాలా ఎక్కువసార్లు పోయే చోట, ప్రతిసారీ వివరాలు తనిఖీ చేసే పని తప్పడం వల్ల కొంత లాభం ఉంటుంది. ఆ లాభం ఎంతన్నది మీ ఎంపీఐ లైబ్రరీ, మీ నెట్‌వర్కు బట్టి ఉంటుంది. పెద్ద సందేశాల్లో ఆ కొంత కూడా రవాణా సమయంలో కలిసిపోతుంది. కాబట్టి ప్రాజెక్టు రిపోర్టులో "వేగం పెరిగింది" అని రాయడానికి ముందు కొలవండి.

కొలిచే పద్ధతి: మొదటి యాభై అడుగులను లెక్కలోకి తీసుకోవద్దు. ఆ తర్వాత ఎంపీఐ_బ్యారియర్, ఎంపీఐ_డబ్ల్యూటైమ్, వెయ్యి అడుగులు, మళ్లీ డబ్ల్యూటైమ్. అన్ని ప్రాసెస్‌ల సమయాల్లో గరిష్ఠాన్ని ఎంపీఐ_రిడ్యూస్‌తో తీసుకోండి, ర్యాంకు 0 సమయం ఒక్కటే చూడవద్దు. ఇనిట్‌లకు పట్టిన సమయాన్ని విడిగా రాసుకోండి. ఇదంతా ఐదుసార్లు చేసి, ఐదు సంఖ్యలనూ రిపోర్టులో పెట్టండి. ఐసెండ్ ప్రోగ్రామునూ అదే రోజు, అదే కంప్యూటర్ మీద, అదే విధంగా కొలవండి.

కొత్త ప్రమాణంలో ఉన్నవి

2021లో వచ్చిన ఎంపీఐ 4.0లో ఆల్‌రిడ్యూస్_ఇనిట్, బ్యారియర్_ఇనిట్ వంటి సామూహిక పనులకూ ఇదే వాడుక పద్ధతి వచ్చింది. మొదలుపెట్టేది అదే స్టార్ట్, ఆగేది అదే వెయిట్. ఇనిట్ మాత్రం కమ్యూనికేటర్‌లోని ప్రాసెస్‌లన్నీ ఒకే వరుసలో పిలవాలి. పీసెండ్_ఇనిట్, పీరిసీవ్_ఇనిట్ అనే ముక్కల పద్ధతి కూడా అందులోనే వచ్చింది. దానిలో స్టార్ట్ చేశాక కూడా, ఒక్కో ముక్క సిద్ధమైందని ఎంపీఐ_పీరెడీతో చెప్పేదాకా ఆ ముక్క పోదు. పైగా పీసెండ్‌కు అవతల పీరిసీవే ఉండాలి, మామూలు రిసీవ్‌తో జత కుదరదు. వీటిని వాడబోయే ముందు ఎంపీఐ_గెట్_వెర్షన్ పిలిచి, మీ కాలేజీ ల్యాబులో ఉన్న లైబ్రరీ 4 గానీ అంతకన్నా పెద్ద సంఖ్య గానీ చూపుతుందో లేదో చూసుకోండి. 3 చూపితే, ఇక్కడ చెప్పిన సెండ్_ఇనిట్, రిసీవ్_ఇనిట్, స్టార్టాల్ మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తాయి.